చెంచా నుంచి జారని ఉగ్గు

ఆరు నెలలు దాటిన పిల్లలకు ఏం పెట్టాలి, ఎట్లా వండాలి అంటూ ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. కొలతలన్నిటికీ ఒకటే లెక్క: పెద్ద చెంచా అంటే 15 మి.లీ., చిన్న చెంచా 5 మి.లీ., కప్పు 200 మి.లీ. పిండిని చెంచా అంచుకు సమంగా తీయండి. ఇక్కడ చెప్పే తిండి అంతా తల్లిపాలకు తోడు. పాలు మాత్రం రెండేళ్లు నిండే దాకా, ఇష్టమైతే ఆ తర్వాత కూడా ఇవ్వండి.

మా పాపకు ఎనిమిదో నెల. పొద్దున తైదల (రాగుల) జావ, మధ్యాహ్నం పప్పుకట్టుతో మెత్తటి గంజన్నం, సాయంత్రం మళ్లీ జావ పెడుతున్నాం. గ్లాసుడు జావ ఒక్కసారే తాగుతుంది. అయినా రెండు నెలల నుంచి అంగన్‌వాడీలో తూకం 6.8 కిలోల దగ్గరే ఆగింది. ఆకలి ఉంది, జ్వరం లేదు. లోపం ఎక్కడుంది?
— దేవరకొండ

జావ పలుచన కావడమే లోపం. ఈ వయసు పిల్లల పొట్టలో ఒక పూటకు కిలో బరువుకు సుమారు 30 మి.లీ. చొప్పున పడుతుంది. మీ పాప లెక్కన 200 మి.లీ. అంటే ఆ గ్లాసుడు జావతోనే పొట్ట నిండిపోతోంది. మామూలుగా ఇళ్లలో గ్లాసు నీళ్లకు మూడు చిన్న చెంచాల పిండి వేస్తారు. అది దాదాపు 10 గ్రాములు, అందులో 30, 35 కేలరీలకు మించి ఉండవు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకు తల్లిపాలు కాక పైతిండి నుంచి రోజుకు దాదాపు 200 కేలరీలు అందాలి. మూడు పూటలా జావే తాగినా అందులో సగమే వస్తుంది. పైగా నీళ్లతో పొట్ట నిండిన పిల్ల రొమ్ము పాలు కూడా తక్కువే తాగుతుంది.

పప్పుకట్టు సంగతీ అంతే. సత్తువంతా గిన్నె అడుగున పప్పులో ఉండిపోతుంది, పైన తేరిన నీళ్లు పిల్ల నోట్లోకి పోతాయి. పప్పునే మెత్తగా ఎనిపి పెట్టండి.

జావకు బదులు ఉగ్గు చేయండి. బియ్యం 2 కప్పులు, పెసరపప్పు 1 కప్పు, జీలకర్ర 1 చిన్న చెంచా చాలు. బియ్యం, పప్పు విడివిడిగా కడిగి, బట్ట మీద పలుచగా పరిచి నీడన ఆరబెట్టండి. గింజ కొరికితే టక్కున విరగాలి. అప్పుడు సన్న సెగ మీద దేనికదే వేయించాలి. రెండూ కలిపి వేయిస్తే బియ్యం వేగేలోపు పప్పు మాడి చేదెక్కుతుంది. బియ్యం తెల్లగా ఉబ్బితే చాలు, పప్పు కమ్మటి వాసన రావాలి. పూర్తిగా చల్లారాక జీలకర్ర కలిపి సన్న రవ్వలా పట్టండి. వేడి మీద పట్టి డబ్బాలో పోస్తే లోపల చెమ్మ పట్టి పది రోజుల్లో ఉండలు కట్టి బూజు వాసన కొడుతుంది. ఆరిన స్టీలు డబ్బాలో నెల రోజులు ఉంటుంది. తడి చెంచా మాత్రం పెట్టకూడదు.

వండేటప్పుడు 3 పెద్ద చెంచాల ఉగ్గుపిండిని (దాదాపు 30 గ్రాములు) పావు కప్పు చల్లటి నీళ్లలో ముందు కలుపుకోండి. మరిగే నీళ్లలో పొడిగా పోస్తే ఉండ పైపొర ఉడికి బిగుస్తుంది, లోపల పచ్చిపిండి మిగులుతుంది. ముప్పావు కప్పు నీళ్లు మరిగాక కలిపినది పోసి, సన్న సెగ మీద పది నిమిషాలు అడుగంటకుండా తిప్పండి. దించాక 1 చిన్న చెంచా నెయ్యి గాని పల్లీనూనె గాని కలపండి. నూనె వేస్తే అరగదని చాలా ఇళ్లలో భయపడతారు. ఈ కాస్త నూనె అరుగుతుంది, పైగా పొట్టలో చోటు పెరగకుండానే 45 కేలరీలు కలుపుతుంది. మొత్తం గిన్నెలో 150 కేలరీలు ఉంటాయి.

చిక్కదనం సరిపోయిందా అంటే, చెంచాతో తీసి వంచి చూడండి. ధారలా కారిపోతే పలుచన. ముద్దగా నిలిచి మెల్లగా జారితే సరిగ్గా ఉంది. చల్లారేకొద్దీ ఉగ్గు బిగుస్తుంది కాబట్టి గోరువెచ్చగా ఉన్నప్పుడే చూడండి. బిగుసుకుంటే నీళ్లు పోయకుండా పిండిన తల్లిపాలు రెండు చెంచాలు కలిపితే సరి.

ఒక పూట ఈ ఉగ్గు, ఒక పూట పప్పన్నం, మూడో పూట తైదల ముద్ద. ఒక్కోసారి 125 మి.లీ. దాకా తింటే ఈ వయసుకు చాలు. పప్పన్నానికి వేరే పొయ్యి అక్కర్లేదు: చిన్న స్టీలు గిన్నెలో 2 పెద్ద చెంచాల బియ్యం, 1 పెద్ద చెంచా పప్పు, గుప్పెడు తరిగిన తోటకూర లేదా గుమ్మడి ముక్క, ముప్పావు కప్పు నీళ్లు పోసి ఇంటి కుక్కర్లోనే దించితే నాలుగు కూతల్లో ఉడుకుతుంది. నెల రోజులు ఇలా పెట్టినా తూకం కదలకపోతే రక్తం, మూత్రం పరీక్షకు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

తైదలు మొలకెత్తించి పిండి చేస్తున్నాను. రెండుసార్లు పుల్లటి వాసన వచ్చింది. మా దగ్గర జొన్నలు ఎక్కువ, వాటిని కూడా ఇట్లాగే మొలకెత్తించవచ్చా?
— నారాయణపేట

ముందు జొన్నల సంగతి. మొలకెత్తించకండి. లేత జొన్న పైరు మేసిన పశువు చచ్చిపోతుందని మీ ఊళ్లో రైతులందరికీ తెలుసు. ఆ విషానికి కారణమైన పదార్థమే మొలకెత్తిన జొన్న గింజ మొలకలో, వేరులో పుడుతుంది, సయనైడ్‌ను విడుదల చేస్తుంది. మొలకెత్తని జొన్న గింజలో ఈ భయం లేదు. జొన్నపిండి, జొన్న రవ్వ, జొన్న పేలాలు నిశ్చింతగా పెట్టండి.

తైదలు పులవడానికి కారణం సాధారణంగా రెండు: నీళ్లు పూర్తిగా వార్చకపోవడం, మూట మందంగా కట్టడం. రాత్రంతా నానబెట్టి, పొద్దున రెండు నీళ్లు మార్చి, జల్లెడలో అరగంట వదిలేయండి. పలుచటి నూలు బట్టలో రెండు వేళ్ల మందానికి మించకుండా కట్టండి. ఎండాకాలం ఆరేడు గంటలకోసారి విప్పి, నీళ్లలో జాడించి మళ్లీ కట్టాలి. అప్పుడు ఒక రోజులో అర సెంటీమీటరు మొలక వస్తుంది, చలికాలం రెండు రోజులు పడుతుంది. ఒకసారి పులిసిన వాటిని ఎండబెట్టి వాడుకోవద్దు, కోళ్లకు వేసేయండి. బాగా వచ్చినవి గలగలమనే దాకా ఎండనిచ్చి, అరచేతుల మధ్య నలిపి వేర్లు రాల్చి, కొద్దిగా వేయించి పట్టించండి.

మొలకల పిండి బలం అని అందరూ చెప్తారు గాని, అది చేసే అసలు మేలు వేరే ఉంది. మొలకెత్తే గింజలో గంజిని కరిగించే ఎంజైము పుడుతుంది. చిక్కగా కాచిన ఉగ్గును పొయ్యి మీంచి దించి, వేలు పెట్టగలిగే వేడి కన్నా కాస్త ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు ఒక చిన్న చెంచా మొలకల పిండి కలిపి ఐదు నిమిషాలు ఆగండి. బిగుసుకున్నది జారుగా అవుతుంది. తర్వాత రెండు నిమిషాలు మళ్లీ మరిగించాలి. దీనివల్ల అదే కప్పు నీళ్లలో మూడు బదులు ఐదు చెంచాల ఉగ్గుపిండి ఇమిడిపోతుంది, పిల్ల సులువుగా మింగుతుంది. చిక్కటిది మింగలేక ఉమ్మేసే పిల్లలకు, జబ్బుపడి లేచినవాళ్లకు ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. కళపెళ ఉడుకుతున్న ఉగ్గులో వేస్తే మాత్రం ఎంజైము చచ్చిపోతుంది. మొలకల తైదలు ఎర్రగా వేయించినా అంతే.

మాది ఫ్లోరైడ్ ఊరు. బోరు నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి పాపకు వంట చేస్తున్నాను. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది కదా?
— మునుగోడు దగ్గరి గ్రామం

పోదు అమ్మా. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీళ్లు ఇగిరేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. బట్టతో వడగట్టినా, కుండలో నిలవ ఉంచినా తగ్గదు.

చిన్నపిల్లల విషయంలో తాగే నీళ్ల కన్నా వండే నీళ్లను ఎక్కువ పట్టించుకోవాలి. ఉగ్గులో, మెత్తటి అన్నంలో మనం పోసిన నీళ్లన్నీ తిండిలోనే ఉండిపోతాయి. రోజుకు మూడు గిన్నెల ఉగ్గంటే అర లీటరు పైన నీళ్లు ఏడెనిమిది కిలోల శరీరంలోకి పోతున్నట్టు. చిగుళ్ల కింద శాశ్వత దంతాలు తయారయ్యే వయసు కూడా ఇదే. ఇప్పుడు ఎక్కిన ఫ్లోరైడ్ ఆరేడేళ్లకు పళ్ల మీద గారగా బయటపడుతుంది.

కాబట్టి ఇంటిల్లిపాదికీ వీలు కాకపోయినా పాప వంటకు, తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు రెండు బిందెలు వేరుగా పట్టి మూతపెట్టుకోండి. నల్లా రాని రోజు ఆర్వో నీళ్లు వాడండి, ఆర్వో ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. రెండిటినీ ఒకసారి మరిగించే వాడాలి. నీళ్లను పరీక్ష చేయిస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా అనుమతి ఉందిగాని, పిల్లలకు దాన్ని హద్దుగా పెట్టుకోకండి. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతికి మీ జిల్లా పేరే ఉంది, నల్లగొండ పద్ధతి అంటారు. అది నీళ్లను పరీక్షించి, లెక్క ప్రకారం మోతాదు వేసేవాళ్లు చేయాల్సిన పని. ఇంట్లో అందాజగా పటిక వేసి ఆ నీళ్లు పిల్లకు పోయొద్దు.

ఇంకొక మాట: చాయ్ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. మీ ఊరి పిల్లకు ఒక్క గుక్క కూడా వద్దు. తైదలు, పెరుగు లాంటి కాల్షియం ఉన్న తిండి ఫ్లోరైడ్ ఒంటికి పట్టడాన్ని కొంత తగ్గిస్తుంది.

పత్తి ఏరే కాలం. పొద్దున ఏడింటికి పోతే సాయంత్రం ఐదింటికి వస్తాను. పది నెలల బాబు మా అత్తమ్మ దగ్గర ఉంటాడు. పొద్దున వండిన ఉగ్గే మధ్యాహ్నం కూడా పెడుతుంది. ఆమెకు కండ్లు సరిగ్గా కనబడవు, పొయ్యి వెలిగించలేదు. ఏం చేయాలి?
— అచ్చంపేట

పొద్దున వండిన మెత్తటి తిండి రెండు గంటలు దాటితే పెట్టకూడదు. పత్తి కాలపు మధ్యాహ్నం ఎండకు అందులో క్రిములు వేగంగా పెరుగుతాయి, వాసన మారకముందే విరేచనాలు పట్టుకుంటాయి. పొయ్యి అక్కర్లేని తిండి మీ ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. తొలి ఏకాదశికి కొట్టుకునే పేలాల పిండి. జొన్న పేలాలు అప్పటికే ఉడికినట్టు లెక్క, వేడినీళ్లు పోస్తే చాలు.

100 గ్రాముల జొన్న పేలాలు, 50 గ్రాముల పుట్నాలు, 20 గ్రాముల వేయించి పొట్టు తీసిన పల్లీలు తీసుకోండి. పేలని గింజలన్నీ ముందు ఏరేయాలి, మిక్సీలో అవి పూర్తిగా నలగవు. మూడింటినీ మెత్తగా పట్టి సన్న జల్లెడ పట్టండి. పండుగకు కలిపినట్టు బెల్లం కలపొద్దు. పల్లీలో నూనె ఉంటుంది కాబట్టి రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి, ఆపైన మక్కు వాసన వస్తుంది. పల్లీలు ఏరేటప్పుడు ముడుచుకున్నవి, నల్లబడ్డవి, నోట్లో వేస్తే చేదుగా ఉన్నవి ఒక్కటి కూడా కలవకూడదు. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు.

పొద్దున పోయేముందు మరిగిన నీళ్లు ఫ్లాస్కులో పోసిపెట్టండి. ఒక్కో పూటకు 5 పెద్ద చెంచాల పిండి చిన్న డబ్బాల్లో విడివిడిగా కొలిచి పెడితే అత్తమ్మకు కొలిచే పని ఉండదు. అరకప్పు వేడినీళ్లు పోసి కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగి, సగం అరటిపండు చిదిమి కలిపితే ఒక పూట తిండి. ఫ్లాస్కు నుంచి వంపడం ఆమెకు కష్టమైతే బడి నుంచి వచ్చే పిల్లలో, పక్కింటివాళ్లో ఎవరైనా ఆ ఒక్క పని చేయాలి. ఉడుకునీళ్ల దగ్గర పాకే పిల్లవాణ్ని ఉంచొద్దు.

పేలాల పిండిని ఎప్పుడూ పొడిగా నోట్లో వేయకూడదని అత్తమ్మకు గట్టిగా చెప్పండి. పెద్దవాళ్లు పండుగనాడు అట్లాగే బుక్కుతారు. పది నెలల పిల్ల శ్వాస తీస్తే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పదకొండు నెలల బాబుకు ఇప్పటికీ అన్నీ మిక్సీలో వేసే పెడుతున్నాం. చిన్న పలుకు తగిలినా ఓకరించి కక్కుతాడు. గొంతులో ఇరుక్కుంటుందని భయం.
— జడ్చర్ల

మిక్సీని ఈ రోజే ఆపాలి. నమలడం పిల్లలు దాదాపు ఆరు నుంచి పది నెలల మధ్య నేర్చుకుంటారు. అది దాటేకొద్దీ పలుకు ఉన్న తిండిని వద్దనడం ఎక్కువవుతుంది. పళ్లు రాకున్నా చిగుళ్లు అన్నం నలపగలవు.

ఓకరింపుకూ గొంతు అడ్డుపడడానికీ తేడా తెలుసుకోండి. ఓకరించే పిల్ల దగ్గుతుంది, శబ్దం చేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, ముక్కను తానే ముందుకు నెట్టేస్తుంది. అది రక్షణ. అడ్డుపడితే శబ్దం రాదు, ఏడవలేదు, పెదవులు నీలబడతాయి. అప్పుడు పిల్లను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా వేయాలి. బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి. బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే 108కు ఫోన్ చేయించండి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు.

మొదటి మూడు నాలుగు రోజులు పప్పన్నాన్ని పప్పుగుత్తితో ఎనపండి. తర్వాత చెంచా వెనకవైపుతో, ఆ తర్వాత వేళ్లతో నలిపి చాలించండి. జొన్న రొట్టె మధ్యలోని మెత్తటి భాగం తుంపి, ఉప్పు కారం వేయకముందు తీసిన వేడి పప్పులో పది నిమిషాలు నాననిచ్చి, నెయ్యి వేసి పెట్టండి. అంచులు గట్టిగా ఉంటాయి, అవి వద్దు. ఉడికించిన గెనుసుగడ్డ వేలంత ముక్క చేతికిస్తే తానే కొరుక్కుంటాడు. కూర్చోబెట్టి పెట్టాలి, పడుకోబెట్టి కాదు; పక్కనే మనిషి ఉండాలి. మీ పక్కనే బాలానగర్ సీతాఫలం దొరికే కాలంలో గింజలన్నీ తీసి, గుజ్జు ఒకసారి వేళ్లతో తడిమి చూసి పెట్టండి. పల్లీలు, శనగలు, పచ్చి క్యారెట్ ముక్కలు, ద్రాక్ష గుండ్లు అయిదేళ్ల దాకా అట్లాగే ఇవ్వొద్దు.

మా బాబుకు ఏడాది నిండింది. రోజుకు అర లీటరు పైనే బర్రెపాలు, రెండు పూటలా చాయ్‌లో ముంచిన బిస్కెట్లు. అన్నం ముట్టడు. ముఖం పాలిపోయింది. చాయ్ మాన్పిద్దామంటే వాళ్ల నానమ్మ ఒప్పుకోదు.
— మిర్యాలగూడ

రక్తం తక్కువైన పిల్లల ఇండ్లలో ఇదే జాబితా కనబడుతుంది. పాలల్లో ఇనుము దాదాపు లేదు, పొట్ట మాత్రం నింపుతాయి. చాయ్ తిండిలోని కాస్త ఇనుమును కూడా ఒంటికి పట్టనీయదు. హిమోగ్లోబిన్ పరీక్ష ఈ వారంలోనే చేయించండి. రక్తం తగ్గినకొద్దీ ఆకలి కూడా తగ్గుతుంది, అన్నం ముట్టకపోవడానికి అదీ ఒక కారణం.

నానమ్మకు పిల్లవాడికి తన చేత్తో ఏదో పెట్టాలని ఉంటుంది. ఆ పని తీసేయకుండా వస్తువు మార్చండి. పొద్దున చాయ్ వేళకు ఉడికించిన గుడ్డు ఆమె చేత్తోనే పెట్టించండి. పాలు రెండు చిన్న గ్లాసులకు తగ్గించి, అన్నం తిన్నాకే ఇవ్వండి. మొదటి రెండు మూడు రోజులు ఏడుస్తాడు, తర్వాత ఆకలి అన్నం దగ్గరికి తెస్తుంది.

ఇనుము బాగా పట్టేది మాంసం నుంచి. వారానికి ఒకసారి కోడి కార్జం రెండు పెద్ద చెంచాలు ఉడికించి, చిదిమి అన్నంలో కలపండి. విటమిన్ ఏ మరీ ఎక్కువవుతుంది కాబట్టి రోజూ వద్దు. మిగతా రోజుల్లో ఖీమా, ముళ్లు తీసిన కొరమేను, పప్పులో తోటకూర. ఆకుకూర తిన్న వెంటనే మీ నల్లగొండ బత్తాయి నాలుగు తొనలు పొర, గింజ తీసి పెడితే ఆకులోని ఇనుము బాగా పడుతుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున వేయాలి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. పరీక్షలో రక్తం తక్కువ తేలితే ఆ మోతాదు చాలదు, డాక్టర్ చెప్పినంత వేయాలి. పాలతో కలపొద్దు. దొడ్డికి నల్లగా పోతే భయపడకండి, మందు వల్లే.

ఉప్పు, బెల్లం, తేనె, గుడ్డు తెల్లసొన, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి — ఏది ఎప్పుడు?
— కొల్లాపూర్, నకిరేకల్, కల్వకుర్తి

తేనె ఏడాది లోపు చుక్క కూడా వద్దు. అందులో ఉండగల క్రిమి బీజాలు పసిపేగుల్లో విషం తయారుచేసి కండరాలు పడిపోయే జబ్బు తెస్తాయి. ఉప్పు, చక్కెర, బెల్లం ఏడాది దాకా వేయకండి. రుచి చూసి చప్పగా ఉందనుకునేది మనం, పిల్ల కాదు. గుడ్డు ఆరు నెలల తర్వాత పచ్చసొన, తెల్లసొన రెండూ పెట్టొచ్చు, పూర్తిగా ఉడకాలి, అంటే మరిగే నీళ్లలో పది పన్నెండు నిమిషాలు. మొదటిరోజు పావు గుడ్డు పొద్దునపూట పెట్టి దద్దుర్లు, వాంతి వస్తాయేమో రెండు గంటలు చూడండి. బాలామృతంలో గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర ఉంటుంది, మళ్లీ తీపి కలపొద్దు. రోజుకు ఒకటి రెండు పూటలు దాన్ని చిక్కగా కలిపి పెట్టి, తక్కిన పూటలకు ఇంటి పప్పన్నం, గుడ్డు పెట్టండి. లేకపోతే తీపికి అలవాటుపడి ఇంటి తిండి వద్దంటారు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు కడుపు మాడ్చాలా?
— వనపర్తి

మాడ్చొద్దు. తల్లిపాలు ఇంకా తరచుగా ఇవ్వండి. ప్రతి విరేచనం తర్వాత ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా తాపండి, రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100 మి.లీ. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. ఆరు నెలలు దాటినవాళ్లకు జింక్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు మామూలుగా పెట్టండి, ఒకేసారి కాకుండా ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా. కండ్లు లోపలికి పోయినా, తాగలేక మగతగా పడి ఉన్నా, రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. తగ్గాక రెండు వారాలు రోజూ ఒక పూట ఎక్కువ పెట్టండి, పోయిన బరువు అప్పుడే తిరిగి వస్తుంది.